పట్టుచీరల ఫ్లోరుకు కొత్త ఇన్‌ఛార్జ్

బైబిల్లో సొలొమోను రాజుకు జ్ఞానం ఎక్కువ, భార్యలు ఇంకా ఎక్కువ. ఆ పేరే పెట్టించుకున్న మన సాల్మన్‌కు ఒక్కతే భార్య, రూతు. ఇంట్లో ఉన్న జ్ఞానమంతా ఆమె దగ్గరే ఉంది. సాల్మన్ దగ్గర ఉన్నదల్లా ఎంత బరువైనా మోసే భుజాలు, ఎవరినీ నొప్పించలేని ఒక నోరు. భుజాలు అన్నం పెట్టాయి. నోరు ఏం చేసిందో చెప్పుకుందాం.

రఘునాథపల్లిలో డిగ్రీ తప్పి, ఊళ్లో తలెత్తుకోలేక, హైవే మీద బస్సెక్కి వరంగల్‌లో దిగాడు సాల్మన్. చౌరస్తాలో వీరభద్రం సేఠ్ బట్టల షాపులో పనికి కుదిరాడు. అప్పట్లో అది ఒక్క అంతస్తు షాపు. మొదటి రోజు చీర మడతపెట్టమంటే చలికాలం దుప్పటి మడిచినట్టు మడిచాడు. షాపంతా నవ్వింది. నవ్వనిది సారంగపాణి ఒక్కడే.

"అరేయ్, గిటు ఇయ్. అంచు కనవడాలె, కొంగు దాగాలె. కొంగు సూపియ్యుమని కొనేటోళ్లే అడగాలె. నువ్వే ముందుగాల సూపిస్తే ఇగ వాళ్లకు షాపుల పనేముంటదిరా?"

సారంగపాణిని షాపులో అందరూ కాకా అనేవారు. సేఠ్ కూడా అలాగే పిలిచేవాడు. పెళ్లి బట్టలకని ఇంటిల్లిపాదీ వచ్చి, ఎన్ని చీరలు విప్పినా ఎటూ తేల్చుకోలేక కూర్చుంటే, కాక మెల్లగా వచ్చేవాడు. ఒక చీర తీసి పెళ్లికూతురి భుజం మీద వేసేవాడు కాదు. ఓ మూలన మూతి ముడుచుకుని కూర్చున్న మేనత్త భుజం మీద వేసేవాడు. "అత్తమ్మా, మీకే ఇంత మంచిగుంటే పోరికి ఎట్లుంటది!" అనేవాడు. ఆ మేనత్త మూతి విచ్చుకునేది, ఆ వెనకే పర్సులూ విచ్చుకునేవి. ఇవన్నీ సాల్మన్ ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవడంలోనే నలభై దాటాడు.

షాపు మూడంతస్తులైంది. పాత తెల్లపరుపులు పోయి గాజు కౌంటర్లు వచ్చాయి. పరుపుల కాలంలో సేల్స్‌మన్ కాస్త కూర్చునేవాడు. కౌంటర్ల వెనక పొద్దున్నించి షట్టరు దించేదాకా నిలబడడమే. సాల్మన్ పిక్కల మీద నరాలు ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగాయి. దవాఖానలో డాక్టరు చూసి, "నిలవడుడు బంద్ చెయ్" అన్నాడు. చెప్పడం తేలికే. రెండో అంతస్తు మొత్తానికి ఒకే ఒక్క స్టూలుంది, అది ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌ది. ఆ ఇన్‌ఛార్జ్ సారంగపాణి. సాల్మన్‌కు ఇన్‌ఛార్జ్ కావాలని ఉండేది. కాకను దించి కావాలని మాత్రం ఎన్నడూ లేదు. ఈ రెండు కోరికలూ ఒకే కడుపులో ఎలా ఇమిడాయో ఆయనకే తెలియాలి.

ఇంతలో సేఠ్ కొడుకు భరత్ హైదరాబాద్‌లో ఎంబీఏ చదివి వచ్చాడు. వస్తూ వస్తూ లీడర్‌షిప్ తెచ్చాడు. ప్రతి శనివారం షట్టరు తెరవకముందు, షాపు డాబా మీద రేకుల షెడ్డులో స్టాఫందరికీ క్లాసు. క్లాసుతోపాటు ఉప్మా పెట్టేవాళ్లు. అందుకని స్టాఫ్ దాన్ని ఉప్మా క్లాసు అనేవాళ్లు. ఉప్మా లేని శనివారం లీడర్లు సగమే వచ్చేవాళ్లు.

"లీడర్ అంటే ఎవరు?" అని ఒకసారి అడిగాడు భరత్.

సారంగపాణి చెయ్యెత్తాడు. "అందరికి ఉప్మా అందిందా లేదా సూసి, ఆఖరికి తినేటోడు సార్."

అందరూ నవ్వారు. భరత్ కూడా నవ్వాడు, కానీ బోర్డు మీద రాయలేదు. బోర్డు మీద ఆయన రాసింది వేరే: టఫ్ కన్వర్సేషన్. ఎదుటివాడికి కష్టమైన మాటను మొహం మీద చెప్పగలిగినవాడే లీడర్ అని వివరించాడు. సాల్మన్ తలూపాడు. ఆయన అన్నిటికీ తలూపుతాడు.

ఆషాఢం చివర్లో, గిరాకీ లేక ఫ్యాన్లు మాత్రమే పనిచేస్తున్న ఒక గురువారం, భరత్ ఆయన్ను గాజు క్యాబిన్‌లోకి పిలిచాడు.

"సాల్మన్, శ్రావణం నుంచి సెకండ్ ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ నువ్వే."

సాల్మన్ పిక్కలు ముందు సంతోషపడ్డాయి. బుర్ర ఆ తర్వాత మేలుకుంది. "మరి కాక ఏడికి పోతాండు సార్?"

"కిందికి. టవల్స్, లుంగీలు. జీతం ఏం తగ్గది. నాన్నగారు గూడ సరే అన్నరు."

"కాకకు చెప్పిండ్రా సార్?"

"లేదు. నువ్వు చెప్తవ్." భరత్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇదే నీ టెస్ట్ అనుకో. సోమవారం పొద్దుగాల వరకు టైముంది. నీతోటి కాదంటే ఫికర్ లేదు, హన్మకొండ బ్రాంచ్ నుంచి ఎవరినన్న తెచ్చుకుంట."

భరత్ చిన్నప్పుడు స్కూలుకు టిఫిన్ డబ్బా మోసింది సారంగపాణి. వీరభద్రం సేఠ్ ఒక్క అంతస్తుతో మొదలుపెట్టినప్పుడు ఊరూరా తిరిగి గిరాకీ తెచ్చింది సారంగపాణి. ఆ మనిషికి ఈ మాట చెప్పే మొహం తండ్రికీ లేదు, కొడుక్కీ లేదు. కాబట్టి దానికి ట్రైనింగ్ అని పేరు పెట్టి సాల్మన్ చేతిలో పెట్టారు.

శనివారం సాయంత్రం సాల్మన్ ధైర్యం చేశాడు. షాపు పక్కన చాయ్ బండి దగ్గర కాక ఎదురుగా నిలబడ్డాడు.

"కాకా, మోకాళ్లు ఎట్లున్నయ్?"

"రెండున్నయ్‌రా. ఎందుకు?"

"అది కాదు, రెండో అంతస్తుకు ఎక్కుడు దిగుడు ఇబ్బందైతలేదా అని."

"లిఫ్టుంది గదరా. ఏందిరో, కొత్తల్లుడు మామను అడిగినట్టు అడుగుతానవ్? లీవు గిట్ల కావాల్నా?"

"లీవేం అద్దు."

"మరేందిరా? సెప్పు."

సాల్మన్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే సారంగపాణి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "అరేయ్, ఈ శ్రావణం జర జోరుగ సేద్దాం. నాకు గూడ చాతనైత లేదు. వచ్చే యేడు సేఠ్‌కు నేనే చెప్త, సాల్మన్‌ను నా జాగల కూసోవెట్టుండ్రి అని. వాడైతే నా పేరు నిలవెడ్తడని చెప్త. ఏమంటవ్?"

చాయ్ మీద మీగడ కట్టింది. సాల్మన్ దాన్ని వేలితో తీసి పారేశాడు. కాక సంచి తానే పట్టుకుని బస్టాప్ దాకా వెళ్లి, ఆయన్ను ఆటో ఎక్కించి వచ్చాడు. టఫ్ కన్వర్సేషన్ అలా ముగిసింది.

ఇంటికి రాగానే రూతు గుమ్మంలోనే అడిగింది. "చెప్పినవా?"

"చెప్తమనుకున్ననే. గంతలనే..."

"గంతలనే ఏమైంది? నోరు వడిపోయిందా? పొద్దంత వందమంది ఆడోళ్లతోటి వాగే నోరు, గీ ఒక్క మాటకు పనికిరాదా?"

"ఆయన నాకు తండ్రసొంటోడే."

"అందుకే చెప్పాలె. వేరేటోళ్లు చెప్పకముందే చెప్పాలె. నడువు, ఇప్పుడే పోదాం. ఆయన ఇల్లు మన చర్చి ఎనక గల్లీలనేనాయె. నువ్వు చెప్పకపోతే నేను చెప్త."

"వద్దే. రేపు పాస్టరయ్యతోటి ప్రార్థన చేయించుకుంట. మనసు గట్టివడ్డంక చెప్త."

రూతు ఆయన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు ప్రార్థన గూడ తప్పించుకునెతందుకే చేస్తవయ్యా" అని లోపలికి పోయింది.

ఆదివారం షాపుకు సెలవు. చర్చి గుమ్మం దగ్గర బెన్నీ పాస్టరు ప్రార్థన అంశాలు అడిగి తెలుసుకుంటున్నాడు. ఒకరికి జ్వరం, ఒకరికి కోర్టు కేసు, ఒకరికి పిల్ల పరీక్ష. సాల్మన్ వంతు వచ్చింది. చెవి దగ్గర నోరు పెట్టి, "ఉద్యోగం విషయం అయ్యగారూ" అన్నాడు.

"ఊకె ఉద్యోగం అంటే ఎట్ల బ్రదర్? భారంతోటి ప్రార్థన చేయాలంటే వివరం తెల్వాలె గదా."

పాస్టరు మంచివాడు. వివరం అడగడమే ఆయన మంచితనం. సాల్మన్ చుట్టూ చూసి గుసగుసగా మొత్తం చెప్పాడు. షాపు, ఫ్లోరు, కాక పేరు, సోమవారం గడువు, అన్నీ. ఇన్నేళ్లుగా ఊళ్లో అందరి జ్వరాలకూ కోర్టు కేసులకూ మైకులో వినపడ్డప్పుడల్లా "ఆమేన్" అన్న మనిషికి, తన అంశం కూడా ఆ మైకులోనే పోతుందని తట్టలేదు. మనిషి తన గుట్టు గురించి ఆలోచించినంత తెలివితక్కువగా ఇంక దేని గురించీ ఆలోచించడు.

చర్చి కప్పు మీద మైకు హారన్ ఉంది. గుడ్ ఫ్రైడేకు పెట్టారు, దించడం మరిచారు. గోల ఎక్కువైందని ఎదుటి గల్లీవాళ్లు ఫిర్యాదు చేస్తే, పెద్దలు కూర్చుని ఆలోచించి దాని మూతిని వెనక గల్లీ వైపు తిప్పారు.

పాటలయ్యాక పాస్టరు కళ్లు మూసుకున్నాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పూర్తి చిరునామాతో ఉంటుంది, దేవుడు దారి తప్పకుండా.

"దయగల తండ్రీ, చౌరస్తాలోని బట్టల దుకాణంలో, రెండవ అంతస్తులో, పట్టుచీరల యొద్ద పనిచేయుచున్న నీ దాసుడైన సాల్మన్‌ను జ్ఞాపకము చేసుకొనుము. అక్కడ ఇన్‌ఛార్జ్‌గా ఉన్న సారంగపాణి గారిని తీసివేసి, రేపు సోమవారము నుండి ఆ స్థానములో నీ దాసుని నిలుపుచుండగా, ఆ మాట ఆయనకు చెప్పుటకు సాల్మన్ భయపడుచున్నాడు తండ్రీ. ఆ భయమును కొట్టివేయుము. టవల్స్ యొద్దకు వెళ్లుటకు ఆ పెద్దమనిషి హృదయమును మెత్తబరచుము."

"ఆమేన్!" అంది సంఘమంతా, మంచి ఊపు మీద.

సాల్మన్ కళ్లు తెరవలేదు. తెరిస్తే ఇది నిజమైపోతుందన్నట్టు బిగించి మూసుకున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి రూతు మాత్రం ఒక కన్ను తెరిచి ఆయన్నే చూస్తోంది.

ఆరాధన అయ్యాక ఆయన వెనక గల్లీ మొగదాకా వెళ్లాడు. అప్పటికీ సమయం మించిపోలేదు. సారంగపాణి భార్య నిర్మల దండెం మీద బట్టలు ఆరేస్తోంది. సాల్మన్‌ను చూసింది. ఆరేసిన తడి బట్టల్ని తిరిగి బకెట్లో వేసుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు. నెడితే తెరుచుకునే తలుపే. సాల్మన్ ఆ తలుపును కాసేపు చూసి వెనక్కి తిరిగాడు.

సోమవారం ఆయన షాపుకు వెళ్లేసరికి సారంగపాణి కింద టవల్స్ కౌంటర్ దగ్గర ఉన్నాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని లుంగీలు రంగుల వారీగా సర్దుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే, పిలవకుండానే తనకు తానుగా దిగిపోయాడు.

భరత్ మెట్ల మీదే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు. "సూపర్ సాల్మన్! నేనైతే కాక లొల్లి చేస్తడనుకున్న. ఎట్ల చెప్పినవయ్యా?"

"సార్, నిజానికి నేను చెప్పలే..."

"అరే, క్రెడిట్ తీసుకుంటలేవు చూడు! ఇది గూడ లీడర్ లక్షణమే."

చొక్కాకు కొత్త బ్యాడ్జి తగిలించాడు. సాల్మన్ ఇంకోసారి నోరు తెరిచాడు. అప్పటికే భరత్ ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. పైకి పోయి స్టూలు మీద కూర్చున్నాడు సాల్మన్. కాళ్లు హాయిగా వేలాడాయి. మిగతా మనిషిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ధర్మవరం కట్టలు ముందటికి జరుపు తమ్మీ" అన్నాడు ప్రశాంత్‌తో. ప్రశాంత్ అదే చర్చిలో వెనక బెంచీ కుర్రాడు. నిన్నటిదాకా సాల్మన్‌ను అన్నా అనేవాడు.

"ఆమేన్ సార్" అన్నాడు ప్రశాంత్.

ఫ్లోరంతా కిసుక్కుమంది. ఆ రోజు నుంచి సాల్మన్ ఏ పని చెప్పినా ఆ జవాబే. చీరలు తెమ్మంటే ఆమేన్, లైట్లు వెయ్యమంటే ఆమేన్. పని మాత్రం చేసేవాళ్లు కాదని కాదు, చేసేవాళ్లు. నిదానంగా, మొహం చూడకుండా చేసేవాళ్లు.

బుధవారం కేసముద్రం నుంచి పత్తి వ్యాపారి కుటుంబం పెళ్లి బట్టలకు వచ్చింది. వాళ్లు మొదట అడిగింది, "పాణి ఏడి?" అని. కింద ఉన్నాడని తెలిసి అందరూ మెట్లు దిగారు. పైనుంచి చూస్తున్న సాల్మన్‌కు సారంగపాణి మాట వినపడింది. "నేనిప్పుడు ఈడున్న అమ్మా. పైన సాల్మన్ సార్ ఉన్నడు. నాకన్న మంచిగ సూపిస్తడు. పోండ్రి, పోయి సూడుండ్రి."

వాళ్లు పైకి వచ్చారు. సాల్మన్ ఒక చీర తీసి పెళ్లికూతురి మేనత్త భుజం మీద వేయబోయాడు. చెయ్యి మధ్యలో ఆగింది. ఆ చీరను ప్రశాంత్ చేతికిచ్చి, "నువ్వు చూపియ్" అని పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం రెండు చాయ్‌లు పట్టుకుని కిందికి దిగాడు.

"కాకా, చాయ్."

"అక్కడ పెట్టుండ్రి సార్."

"గట్లనకు కాకా. తిట్టు. నీకు దండం పెడ్త, నాలుగు తిట్టు."

సారంగపాణి చేతిలోని టవల్ మడత పూర్తి చేసి, దొంతరలో పెట్టి, అప్పుడు తలెత్తాడు. గొంతులో కోపం లేదు. సాల్మన్ అదే వెతుక్కుంటున్నాడు.

"నువ్వొచ్చి నా ముంగట నిలవడి, 'కాకా, నిన్ను తీసేసిండ్రు, నీ జాగల నన్ను పెడుతాండ్రు' అంటే తిట్టెటోన్నిరా. చౌరస్తా అంత వినవడెటట్టు తిట్టెటోన్ని. తిట్టి తిట్టి, నేనే చాయ్ తాపెటోన్ని. నువ్వు దేవునికి చెప్పినవ్, దేవుడు నాకు చెప్పిండు. ఇగ నిన్నేమని తిట్టాలె?"

"భయమైంది కాకా."

"నాకెర్కే. మడత నేర్పిన, అమ్ముడు నేర్పిన. గిదొక్కటి నేర్పుడు మర్సిన." కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పోండ్రి సార్, పైన గిరాకొచ్చింది."

చాయ్ ఆయన ముట్టలేదు. కాసేపటికి సాల్మనే రెండు గ్లాసులూ తాగాడు. పారబోయడానికి కూడా ధైర్యం కావాలి కదా.

శనివారం ఉప్మా క్లాసు. భరత్ బోర్డు మీద కేస్ స్టడీ అని రాసి సాల్మన్‌ను లేపాడు. "మన దగ్గరనే ఒక మంచి ఎగ్జాంపుల్ ఉంది. సాల్మన్, కాకకు ఎట్ల చెప్పినవో అందరికి చెప్పు."

స్టాఫంతా అక్కడే ఉన్నారు. వెనక వరసలో సారంగపాణి, చేతిలో ఉప్మా ప్లేటు. హారన్ గురించి తెలియనిది ఆ షెడ్డులో భరత్ ఒక్కడికే. ప్రశాంత్ పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు. నేను చెప్పలేదు సార్ అని ఒక్క మాట అంటే చాలు. పోతే ఈ బ్యాడ్జి పోతుంది. కాక మొహం చూడగలిగే వీలైతే మిగులుతుంది. సాల్మన్ గుండెలోంచి ఆ మాట బయల్దేరింది కూడా. గొంతు దగ్గరికి వచ్చేసరికి పిక్కల్లో నరాలు జివ్వుమన్నాయి.

"శనివారం... చాయ్ తాగుకుంట చెప్పిన సార్. కాక మంచిగ అర్థం చేసుకున్నడు."

ప్రశాంత్ మొహంలో నవ్వు ఆరిపోయింది.

"వెరీ గుడ్! కాకా, మీకెట్లనిపించింది?"

సారంగపాణి లేచాడు. సాల్మన్ నేల చూపులు చూస్తున్నాడు. "మంచిగ చెప్పిండు సార్. నొప్పి తెల్వకుంట చెప్పిండు."

భరత్ చప్పట్లు కొట్టాడు. యజమాని కొట్టాక తప్పదు కాబట్టి అందరూ కొట్టారు. సారంగపాణి ప్లేటును కుర్చీ కింద పెట్టి, రుమాలుతో చేతులు తుడుచుకుని, తనూ కొట్టాడు.

ఆ రోజు తర్వాత ఫ్లోర్‌లో ఆమేన్ అనడం కూడా మానేశారు. సార్ అంటే సార్, అంతే. ఎగతాళి ఉన్నన్నాళ్లు కనీసం మనుషులు పలకరించినట్టు ఉండేది.

శ్రావణం రెండో శుక్రవారం, షాపులో కాలు పెట్టడానికి చోటు లేని రోజున, సారంగపాణి పనికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వీరభద్రం సేఠ్ మొహం వేలాడేసుకుని గల్లా దగ్గర కూర్చున్నాడు. భరత్ సాల్మన్‌ను పిలిచాడు.

"కాక ఇంటికి పోయి జర మాట్లాడు. ఏం తక్లీఫ్ ఉందో కనుక్కో, తోలుకరా. నీ మాటైతే వింటడు. నాన్నగారు పరేషాన్ అయితాండ్రు."

"సరే సార్" అన్నాడు సాల్మన్.

ఆదివారం రూతు అడిగింది. "ఇయ్యాలన్న పోతవా?"

"పోత" అన్నాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. చర్చి దాటాడు, వెనక గల్లీ మలుపు కూడా దాటాడు. అక్కడ ఆగకుండా మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ ఒక టైర్ల దుకాణం అరుగు మీద కూర్చుని, వచ్చే పోయే బస్సుల్ని చూసి, ఎండ ఎక్కాక ఇంటికి వచ్చాడు.

సోమవారం పొద్దున భరత్ మెట్ల దగ్గరే అడిగాడు. "పోయినవా? ఏమన్నడు?"

"పోయిన సార్. చానసేపు మాట్లాడిన. ఆరోగ్యం బాగ లేదట, ఇగ రానన్నడు. మీకు, సేఠ్‌కు దండాలు చెప్పుమన్నడు."

ఈసారి సాల్మన్ ఎక్కడా తడుముకోలేదు. భరత్ ఆయన భుజం తట్టి, పైన గిరాకీ చూసుకొమ్మని చెప్పి వెళ్లాడు.